పైపు పొగాకు: ఆకు రుచి, కలిపే పాళ్లు

పైపులో వేసి కాల్చే పొగాకులో సాధారణంగా రెండు మొదలు ఆరేడు రకాల ఆకులు కలిసి ఉంటాయి. ఒక్కో ఆకుది ఒక్కో పని. ఒకటి తీపినిస్తుంది, ఒకటి నిలకడగా కాలుతుంది, ఒకటి పొగకు పరిమళం తెస్తుంది, ఇంకొకటి ఘాటు పెంచుతుంది. ఏ ఆకును ఎన్ని పాళ్లు వేస్తే ఏ రుచి వస్తుందో తెలుసుకుని, కాల్చే మనిషి ఇష్టానికి తగ్గట్టు కూర్చడం ఒక విద్య. సిగరెట్టు కొద్ది నిమిషాల్లో కాలిపోతుంది. పైపు గిన్నెలో పొగాకు అరగంట, ఒక్కోసారి గంట, నెమ్మదిగా రగులుతుంది. ఆ పొగను ఎక్కువమంది నోటిలో నిలిపి వదిలేస్తారు. రుచి తెలిసేది నాలుక మీద, ముక్కులో కాబట్టి ఆకుల ఎంపికలో చిన్న తేడా కూడా బయటపడుతుంది.

ఈ విద్యకు పేరు తెచ్చినవి లండన్ పొగాకు దుకాణాలు. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో అక్కడి డ్యూక్ వీధిలో దుకాణం తెరిచాడు. వచ్చిన మనిషి ఇష్టాయిష్టాలు అడిగి, అతని కోసమే పొగాకు కలిపి ఇవ్వడం ఆ దుకాణం ప్రత్యేకత. ప్రతి మిశ్రమానికీ ఒక సంఖ్య ఇచ్చి, అందులోని ఆకులనూ పాళ్లనూ పుస్తకంలో రాసిపెట్టేవారు. మళ్లీ వచ్చినప్పుడు ఆ సంఖ్య చెబితే అదే మిశ్రమం దొరికేది. అలా పుట్టినవాటిలో 965 సంఖ్య గల మిశ్రమం తరువాత డబ్బాల్లో అందరికీ అమ్ముడయ్యే సరుకైంది. ఒక మనిషి ఇష్టాన్ని ఇలా అంకెల్లోకి దించాలంటే ముందు ఒక్కో ఆకునూ విడిగా ఎరిగి ఉండాలి. రుచి చూడడమైనా, కలపడమైనా అక్కడినుంచే మొదలవుతుంది.

ఆకు గుణాన్ని విత్తనం, నేల, వాతావరణం తీరుస్తాయి. కోసిన తరువాత ఆరబెట్టే పద్ధతి దానికి తుది రూపం ఇస్తుంది. పచ్చి ఆకులో పిండి పదార్థం ఉంటుంది. ఆకు వాడిపోయే కొద్దీ అది చక్కెరగా మారుతుంది. ఇంకా చాలాకాలం ప్రాణంతో ఉంటే ఆ చక్కెరనూ ఆకే ఖర్చు చేసుకుంటుంది. చక్కెర మిగిలి ఉండగానే వేడితో ఆకును ఆరబెడితే తియ్యటి పొగాకు వస్తుంది. నెమ్మదిగా నీడన ఆరనిస్తే చక్కెర పోయి వేరే గుణం వస్తుంది. వర్జీనియా, బర్లీ ఆకుల మధ్య ఉన్న పెద్ద తేడాకు మూలం ఇదే.

పైపు మిశ్రమాల్లో ఎక్కువగా వాడే మూల ఆకు వర్జీనియా. దీన్ని బ్యారన్లనే మూసిన కొట్టాల్లో ఆరబెడతారు. పొయ్యిలో మంట వేస్తే ఆ వేడి ఇనుప గొట్టాల గుండా బ్యారన్‌లోకి పోతుంది. పొగ మాత్రం ఆకుకు తగలదు. మొదట 32 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆకు పసుపు తిరుగుతుంది. తరువాత వేడి పెంచుతూ ఆకును, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకుపోయి నడిమి ఈనెను ఆరబెడతారు. మొత్తం పని ఐదు నుంచి ఏడు రోజుల్లో ముగుస్తుంది. తెలుగు నేలకు ఈ పద్ధతి బాగా తెలుసు. 1920ల్లో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు వేళ్లూనింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పని మొదలుపెట్టింది. ఇక్కడి ఆకు ప్రధానంగా సిగరెట్లకే పోతుంది. అయినా రంగు, ఆకు మందం, మొక్కపై ఆకు ఉన్న చోటు చూసి వేరుచేసే గ్రేడింగ్ పని పైపు పొగాకు కలిపేవారికీ మొదటి పాఠమే. అడుగు ఆకు పలచగా, తేలికగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఆకు మందంగా, నికొటిన్ ఎక్కువగా ఉంటుంది.

వర్జీనియాలోనే రుచులు వేరు. నిమ్మపండు రంగు ఆకులో చక్కెర ఎక్కువ. దాని పొగలో ఎండుగడ్డి వాసన, నిమ్మతొక్క లాంటి చురుకు ఉంటాయి. నారింజ రంగు ఆకు పొగ తీపిగా, నిండుగా ఉంటుంది. ఎర్ర వర్జీనియా బాగా పండిన ఆకు. అందులో కాల్చిన రొట్టె వాసన, లోతైన తీపి తెలుస్తాయి. చక్కెర ఎక్కువగా ఉన్న ఆకును త్వరత్వరగా కాల్చితే నాలుక చురుక్కుమంటుంది. పైపు కాల్చేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

బర్లీ ఆకును గాలి ఆడే కొట్టాల్లో, నీడలో, నాలుగు నుంచి ఎనిమిది వారాలు వేలాడదీస్తారు. అమెరికాలోని కెంటకీ, టెనెస్సీ రాష్ట్రాలు దీనికి ప్రసిద్ధి. ఆంధ్రప్రదేశ్‌లోనూ బర్లీ పండుతుంది. నెమ్మదిగా ఆరడంలో చక్కెర దాదాపు పూర్తిగా ఖర్చయిపోతుంది. ఆకు గోధుమ రంగుకు తిరిగి, లోపల గుల్లబారుతుంది. అందుకే పైన చల్లిన ద్రవాన్ని బాగా పీల్చుకుంటుంది. బర్లీ పొగలో వేరుశనగ పొట్టు, కోకో గుర్తుకొచ్చే పొడి రుచి ఉంటుంది. తీపి లేదు, నికొటిన్ ఉంది. వర్జీనియా పక్కన చేరితే దాని చురుకును తగ్గించి, మిశ్రమం నిలకడగా కాలేలా చేస్తుంది.

ఓరియంటల్ ఆకులు టర్కీ, గ్రీసు ప్రాంతాలవి. ఇజ్మీర్, సాంసున్, బస్మా, గ్జాంతీ, కటెరీనీ అన్నవి వాటిలో పేరున్న రకాలు. ఆకు చాలా చిన్నది. సారం తక్కువగా ఉన్న నేలలో, దగ్గర దగ్గరగా నాటిన మొక్కల నుంచి కోసి, దారాలకు గుచ్చి ఎండలో ఆరబెడతారు. మొక్కకు నీరూ ఎరువూ కరువైన చోటే ఆకుపై జిగురు, సువాసన చేరుతాయి. పొగలో పుల్లదనం, గంధపు చెక్క తరహా పరిమళం, పూల వాసన ఉంటాయి. నికొటిన్ సాధారణంగా తక్కువ. విడిగా కాలిస్తే పలచగా అనిపించే ఈ ఆకు, మిశ్రమంలో చేరాక మిగతా రుచులను విడదీసి చూపిస్తుంది.

లటాకియా పేరు సిరియాలోని రేవు పట్టణానిది. ముందు ఎండలో ఆరబెట్టిన ఆకును తరువాత మూసిన కొట్టంలో వేలాడదీసి, సువాసన గల కట్టెలు, పొదల కొమ్మలు మెల్లగా రగిల్చి, వారాల తరబడి పొగపెడతారు. ఆకు నల్లబడుతుంది. నెగడు దగ్గరి పొగ, తారు, తోలు కలిసినట్టు దాని వాసన. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా కనిపించేది సైప్రస్ ద్వీపపు లటాకియా. చూపుకు, వాసనకు భయపెట్టినా ఇది నెమ్మదిగా, చల్లగా కాలే ఆకు. నికొటిన్‌లో కూడా బలమైనది కాదు. వాసన ఘాటుగా ఉంటే మత్తూ ఘాటుగా ఉంటుందన్న అంచనా ఇక్కడ తప్పుతుంది. నికొటిన్ బలం కావాలంటే కెంటకీ నల్ల ఆకు ఉంది. గట్టి కట్టెల పొగలో ఆరబెట్టిన ఆ ఆకులో పొగవాసనతోపాటు నికొటిన్ కూడా దండిగా ఉంటుంది.

పెరీక్ అమెరికాలోని లూయిసియానా రాష్ట్రం, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న సెయింట్ జేమ్స్ పారిష్‌ది. ఆరిన ఆకును తడిపి, ఈనె తీసి, ముద్దలుగా కట్టి, విస్కీ పీపాల్లో పేర్చి మరజాకీతో అదుముతారు. ఆకు తన రసంలో తానే నాని, గాలి తగలకుండా పులుస్తుంది. మధ్యమధ్య పీపా విప్పి ఆకును తిరగవేసి మళ్లీ అదుముతారు. ఇలా కనీసం ఏడాది గడుస్తుంది. బయటికి వచ్చిన ఆకు నల్లగా, జిగటగా ఉంటుంది. వాసనలో ఎండు అంజీరు, పులిసిన పండు ఉంటాయి. పొగలో మిరియపు కారం ఉంటుంది. పెరీక్, లటాకియా వంటి మసాలా ఆకుల వాడకం పులుసులో ఇంగువ వాడకం లాంటిది. సరిపడా పడితే మొత్తం రుచి లేస్తుంది, మించితే ఇంకేదీ తెలియదు.

కావెండిష్ అన్నది మొక్క రకం పేరు కాదు. వర్జీనియానో బర్లీనో ఆవిరి పట్టి, అదిమి, వేడిలో ఉంచి మెత్తబరిచే పద్ధతికి ఆ పేరు. ఎక్కువసేపు ఆవిరి పట్టినది నల్ల కావెండిష్. దాని పొగ మెత్తగా, కొద్ది తీపితో, చురుకు లేకుండా ఉంటుంది. పరిమళ ద్రవాలను బాగా పట్టి ఉంచుతుంది. ఆకుకు ద్రవాలు పట్టించడంలో రెండు దశలున్నాయి. మొదటిది కేసింగ్. చక్కెర, తేనె, అతిమధురం, కోకో వంటివి కలిపిన ద్రవాన్ని తరగక ముందే ఆకులోకి ఇంకించి గరుకుతనం తగ్గిస్తారు. రెండోది టాపింగ్. వెనిలా, రమ్ము, చెర్రీ వంటి పరిమళాలను తయారైన పొగాకుపై చివరగా చల్లుతారు. టాపింగ్ మోతాదు పెరిగితే పక్కవారికి వచ్చే వాసన బాగుంటుంది కానీ, ఆకు అసలు రుచి దాని కింద అణగిపోతుంది.

ఆకులు తెలిశాక రుచి చూసే క్రమం వస్తుంది. మొదటి పరీక్ష కంటికి, చేతికి, ముక్కుకు. వృత్తిగా ఆకు కొనేవారు, కలిపేవారు నిప్పు పెట్టకుండానే ఆకు గురించి చాలా వరకు తేల్చేస్తారు. రంగు సమంగా ఉందా, ఆకు సాగుతుందా విరుగుతుందా, జిగురు ఉందా అని చూస్తారు. అరచేతిలో కొద్దిసేపు మూసి ఉంచి, వెచ్చబడ్డాక వాసన చూస్తారు. బాగున్న ఆకులో ఎండుగడ్డి, పండు, తోలు వంటి శుభ్రమైన వాసనలుంటాయి. అమ్మోనియా ఘాటు వస్తే ఆకు ఇంకా మాగలేదని అర్థం. ముక్క వాసన వస్తే బూజు పట్టినట్టే, అది పారేయవలసిందే.

రెండోది పదును. పొగాకులో తేమ నూటికి 12 నుంచి 15 పాళ్లు ఉన్నప్పుడు రుచి సరిగా తెలుస్తుంది. చిటికెడు పొగాకును వేళ్ల మధ్య నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా ఉండిపోతే తేమ ఎక్కువ, పొడిగా రాలితే తక్కువ. తేమ ఎక్కువైన పొగాకు ఆవిరిని పుట్టించి నాలుకను కాలుస్తుంది, మాటిమాటికీ ఆరిపోతుంది. మరీ ఎండినది గబగబా కాలి చేదెక్కుతుంది. రెండు ఆకులను పోల్చాలంటే రెండింటికీ ఒకే పదును ఉండాలి. లేకపోతే తేలేది తేమ తేడాయే గాని ఆకు తేడా కాదు.

మూడోది పైపు. కట్టె పైపు పాత పొగాకుల వాసనను పట్టి ఉంచుతుంది. అందుకే పరీక్షకు మట్టి పైపు, మీర్‌షామ్ అనే మెత్తని ఖనిజంతో చేసిన పైపు, లేదా మొక్కజొన్న కండెతో చేసిన కొత్త పైపు మేలు. గిన్నె చిన్నదిగా ఉండాలి. కారం, మసాలా తిన్న వెంటనే, కాఫీ తాగిన వెంటనే పరీక్ష పెట్టుకుంటే నాలుక నిజం చెప్పదు. పలచని ఆకుతో మొదలుపెట్టి ఘాటైనదానికి పోవాలి. ఒక పూటకు ఒకటి రెండు ఆకులకు మించితే నాలుక మొద్దుబారుతుంది. తీపి, పులుపు, చేదు, వగరు నాలుక మీద తెలుస్తాయి. పరిమళం తెలిసేది నోటిలోని పొగలో కొంచెం ముక్కు గుండా వదిలినప్పుడే. మొదటి మూడో వంతు, నడిమి వంతు, చివరి వంతు రుచులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి మూడింటినీ విడిగా రాసుకోవాలి. నాలుక చురుకు, గొంతులో గరగర, కాలిన తీరు, బూడిద రంగు, తరువాత నోటిలో మిగిలే రుచి కూడా ఆ రాతలో ఉండాలి.

నికొటిన్ సంగతి రుచికి వేరుగా చూడాలి. వర్జీనియా పొగ కొంత ఆమ్ల స్వభావంతో ఉంటుంది. బర్లీ, కెంటకీ వంటి ఆకుల పొగ క్షార స్వభావం వైపు ఉంటుంది. క్షార పొగలో నికొటిన్ నోటి లోపలి చర్మం గుండా తేలిగ్గా రక్తంలోకి పోతుంది. అందుకే పొగ లోపలికి పీల్చకపోయినా తల తిరగడం, వికారం, చెమట పట్టడం జరుగుతాయి. పీల్చనంత మాత్రాన హాని తప్పదు. పెదవి, నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు పైపు పొగ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. పరిమళం చల్లని స్వచ్ఛమైన ఆకైనా, చేతితో కలిపిన మిశ్రమమైనా ఇందులో మినహాయింపు లేదు. నికొటిన్ అలవాటుగా మారి విడవకుండా పట్టుకుంటుంది. గదిలోని పక్కవారూ ఆ పొగనే పీలుస్తారు. భారతదేశంలో 2003 నాటి చట్టం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడాన్ని, పొగాకు ప్రకటనలను, బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. మిశ్రమాల గురించిన జ్ఞానం రుచిని దిద్దగలదు. హానిని మాత్రం తీసివేయలేదు. అలవాటు లేనివారు మొదలుపెట్టకపోవడం, ఉన్నవారు మానడం ఒక్కటే ఆ హానికి విరుగుడు.

ఇక కలపడం. ప్రతి మిశ్రమానికీ మూల ఆకు ఒకటి ఉంటుంది. అది సగానికి అటూ ఇటూగా ఉండి, కాలే తీరునూ తీపినీ నిర్ణయిస్తుంది. సాధారణంగా వర్జీనియా గాని బర్లీ గాని ఆ స్థానంలో ఉంటుంది. దానికి తోడుగా ఓరియంటల్, కావెండిష్ వంటి ఆకులు, చివరగా మసాలా ఆకులు చేరుతాయి. ఓరియంటల్ నూటికి 10 నుంచి 40 పాళ్లు పడుతుంది. లటాకియా 5 పాళ్లకే ఉనికి చాటుతుంది, ఇష్టమైనవారు 40 దాకా పోతారు. పెరీక్ 5 నుంచి 10 చాలు. కెంటకీ నల్ల ఆకు 10 నుంచి 20 మధ్య సరిపోతుంది.

పేరుపడ్డ కుటుంబాలు ఈ లెక్క నుంచే పుట్టాయి. వర్జీనియా, ఓరియంటల్, లటాకియా కలిస్తే ఇంగ్లీష్ మిశ్రమం. అందులో ఓరియంటల్ పైచేయిగా ఉంటే బాల్కన్ అంటారు. వర్జీనియాకు కొద్దిగా పెరీక్ చేరితే తీపి, కారం కలిసిన మరో కుటుంబం. బర్లీ మూలంగా, నల్ల కావెండిష్ తోడుగా, వెనిలా వంటి టాపింగ్‌తో తయారయ్యేవి అమెరికన్ పరిమళ మిశ్రమాలు.

పాళ్లను చేతి అంచనాతో గాక బరువుతో కొలవాలి. నల్ల ఆకు, పసుపు ఆకు ఒకే గుప్పెడు తీసినా ఒకే బరువు తూగవు. గ్రాములో పదో వంతు చూపే చిన్న త్రాసు, బిగుతు మూత గల గాజు సీసాలు, పేర్లు రాసిన చీటీలు, ఒక పుస్తకం, ఇవే పనిముట్లు. ఒక విడతకు 20 గ్రాములు చాలు. ఆకుల తరుగు ఒకే తీరుగా ఉండాలి. సన్నని రిబ్బన్ తరుగులో మందపాటి ముక్కలు కలిపితే చిన్న ముక్కలు అడుగుకు జారి, ప్రతి గిన్నెకూ రుచి మారుతుంది.

ఒక ఇంగ్లీష్ మిశ్రమాన్ని ఉదాహరణగా తీసుకుంటే, 20 గ్రాముల్లో వర్జీనియా 8, ఓరియంటల్ 6, లటాకియా 6 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. పొగవాసన మిగతావాటిని కప్పేస్తే లటాకియాను 4కు తగ్గించి ఓరియంటల్‌ను 8 చేయాలి. నాలుక చురుక్కుమంటే వర్జీనియాలో 2 గ్రాములు తీసి, పరిమళం చల్లని నల్ల కావెండిష్‌తో పూరించాలి. తీపిలో లోతు చాలకపోతే ఉన్న వర్జీనియా స్థానంలో ఎర్ర వర్జీనియా కొంత వేయాలి. రుచి చప్పగా, ఒకే తీరుగా ఉంటే వర్జీనియాలో 1 గ్రాము తీసి పెరీక్ వేయాలి. నికొటిన్ ఎక్కువనిపిస్తే పెరీక్, కెంటకీ, బర్లీ పాళ్లు తగ్గించాలి. ఒక విడతలో ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కలిపిన వెంటనే వేసే తీర్పు నిలవదు. వేర్వేరు ఆకుల్లోని తేమ ఒకటి కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వాసనలు ఒకదానిలోకి ఒకటి చేరడానికి రెండు వారాల నుంచి నెల దాకా సీసాలో ఊరనివ్వాలి. మొదటి రోజు విడివిడిగా తోచిన లటాకియా, పెరీక్ ఆ తరువాత మిశ్రమంలో కలిసిపోతాయి. అదిమి ఉంచితే ఈ కలయిక ఇంకా బలపడుతుంది. ఆకులను పొరలుగా పేర్చి వేడి, ఒత్తిడి పెట్టి అచ్చుగా చేసి, పలచని బిళ్లలుగా కోస్తే వచ్చేది ఫ్లేక్. అది నెమ్మదిగా కాలుతుంది. ఏళ్ల తరబడి నిలవ ఉంచితే వర్జీనియా ముదురు రంగుకు తిరిగి చురుకు తగ్గించుకుంటుంది. లటాకియా పరిమళం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. నిలవ ఉంచదలచిన మిశ్రమంలో పాళ్లు నిర్ణయించేటప్పుడే ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటారు. సీసాలు వెలుతురు, వేడి తగలని చోట, పిల్లలకు అందకుండా ఉండాలి. పొగాకు కడుపులోకి పోతే నికొటిన్ విషంగా పనిచేస్తుంది.

రుచి కుదిరిన మిశ్రమానికి పాళ్లతోపాటు ఆకు వచ్చిన ప్రాంతం, పంట ఏడాది, తరుగు, ఊరిన రోజులు కూడా పుస్తకంలో రాసి ఉంచాలి. వానలు, ఎండలు, కోత సమయం మారితే అదే పొలం ఆకులో చక్కెర, నికొటిన్ మారుతాయి. అందువల్ల తయారీ సంస్థల్లో కలిపేవారు ఒక్క ఏడాది పంటపై ఆధారపడరు. రెండు మూడేళ్ల ఆకును కలిపి మూల ఆకును సిద్ధం చేసుకుంటారు. కొత్త పంట చేరిన ప్రతిసారీ దాన్ని విడిగా పరీక్షించి, పాత నమూనా పక్కన పెట్టి పోల్చి, ఒకటి రెండు పాళ్లు అటూ ఇటూ సర్దుతారు. ఇంట్లో 20 గ్రాములు కలిపేవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. కొత్త డబ్బా విప్పినప్పుడు ముందుగా ఆ ఆకును విడిగా రుచి చూడాలి. పుస్తకంలోని పాళ్లను దానికి తగ్గట్టు సర్దుకున్నాకే మిశ్రమం కలపాలి.